పురుగు సాక్షిగా

మన దేశంలో మనిషి, నేరం రుజువయ్యేదాకా నిర్దోషి. వంకాయ, నిర్దోషి అని రుజువయ్యేదాకా దోషి. ఈ తేడా ఎందుకని అడగకూడదు. మనిషిని ఎవరూ గుత్తి కూర వండుకోరు కాబట్టి చట్టం అతని మీద కొంత దయగా ఉంది, అంతే.

ఈ ధర్మసూక్ష్మం అంకమ్మకు ఒక బుధవారం పొద్దున తెలిసింది.

అంకమ్మది రేపల్లె దగ్గర పల్లె. యాభై ఎనిమిదేళ్ల మనిషి, అరెకరం వంగతోట. ఆరేళ్లుగా ఆ తోటలో పురుగుమందు కొట్టలేదు. అందులో సిద్ధాంతమేమీ లేదు. ఒక మిట్టమధ్యాహ్నం మందు కొడుతూ కళ్లు తిరిగి బోదెలో పడిపోయింది. తేరుకున్నాక పంపు కడిగి అటకెక్కించింది, మళ్లీ దించలేదు. (దీన్ని ప్రకృతి వ్యవసాయం అంటారనీ, దానికొక బ్యానరు, ఒక శిక్షణ తరగతి, చివర్లో ఒక గ్రూపు ఫొటో ఉంటాయనీ ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది.) మందు లేదు గనక కాయల్లో పుచ్చులు వచ్చేవి. వాటిని ఏరి గేదెకు పడేసి, మిగిలినవి రెండు బుట్టలకెత్తి, పొద్దున్నే రైలెక్కి తెనాలి పోయి అమ్ముకునేది.

తెనాలిలో ఒక ఆడపిల్లల హాస్టలు ఉంది. నూట ఎనభై మంది పిల్లలు. దాని వార్డెన్ మాణిక్యాంబ గారు ఒకరోజు స్టేషను బయట అంకమ్మ బుట్ట ముందు ఆగి, ఒక కాయ తుంచి, వాసన చూసి, "ఇది వంకాయలాగే ఉందే!" అని ఆశ్చర్యపోయింది. ఆ రోజు హాస్టల్లో కూర గిన్నె అడుగంటా ఊడ్చేశారు. మర్నాడు వార్డెన్ గారు అంకమ్మను భోజనాల వేళకు లోపలికే పిలిచింది. ఒక బక్కపిల్ల రెండోసారి కంచం పట్టుకొచ్చి, "అమ్మమ్మా, రేపు కూడా తెస్తావా?" అని అడిగింది.

"తెస్తానే తల్లీ. నేను తేకపోతే ఎవరు తెస్తారు?" అంది అంకమ్మ.

ఇంట్లో తనొక్కతికే వండుకునే మనిషికి ఒక్కపూటలో నూట ఎనభై కంచాలు దక్కాయి. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని రేపల్లె వచ్చేదాకా తనలో తాను నవ్వుకుంటూనే ఉంది. ఎదురుగా కూర్చున్నాయన తన చొక్కా తిరగేసి వేసుకున్నాడేమోనని రెండుసార్లు చూసుకున్నాడు.

మూడు నెలలు బాగా గడిచాయి. ఆ బుధవారం వార్డెన్ గారు గేటు దగ్గరే ఒక కాగితం చూపించింది. ఇకమీదట పురుగుమందు అవశేష పరీక్ష రిపోర్టు లేని కూరగాయ ఏదీ హాస్టలు వంటింటి గడప దాటరాదు. పిల్లల ఆరోగ్యం దృష్ట్యా. (ఉత్తర్వు మంచిదే. మంచి ఉత్తర్వులతో వచ్చిన చిక్కల్లా, వాటిని అమలు చేయడానికి ఒక ఆఫీసు కావాలి.)

"నాదేం లేదు అంకమ్మా. బాపట్ల పోయి రిపోర్టు పట్రా. నెలాఖరు దాకా గడువుంది," అంది వార్డెన్.

బాపట్లలోని కూరగాయల అవశేష నిర్ధారణ కేంద్రం సామాన్యమైన సంస్థ కాదు. అక్కడ ఒక యంత్రం ఉంది. ఆవగింజంత పురుగుమందును కోటి ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్క బుట్టెడు వంకాయల్లో కలిపినా పట్టేస్తుంది. ఆ యంత్రం నడవడానికి ఒకరకం గ్యాసు కావాలి. గ్యాసు సిలిండరు జూన్‌లో అయిపోయింది. కొత్త సిలిండరు కోసం పెట్టిన అర్జీ ఏ బల్ల మీద ఉందో మాత్రం ఇంతవరకు ఏ యంత్రమూ పట్టలేకపోయింది.

కిటికీ అవతల అనుపమ కూర్చుని ఉంది. రసాయన శాస్త్రంలో పెద్ద చదువు చదివి, ఆ యంత్రాన్ని నడపడానికి ఉద్యోగంలో చేరి, జూన్ నుంచి ఫారాలు తీసుకుంటున్న అమ్మాయి. అంకమ్మ రెండు కిలోల వంకాయలున్న సంచీ బల్ల మీద పెట్టింది.

"కొట్టిన మందు పేరేంటమ్మా?"

"ఏ మందూ కొట్టలేదు అమ్మాయిగారూ."

"ఈ గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోదమ్మా. ఏదో ఒక పేరు చెప్పండి."

"కొట్టని మందుకి పేరేంటమ్మా? పుట్టని బిడ్డకి బారసాల చేస్తావా?"

అనుపమ నవ్వాపుకుని, ఆ గడిలో 'తెలియదు' అని నింపింది. (ఈ ఒక్క మాటతో అంకమ్మ, తెలియని మందు కొట్టే రైతుల జాబితాలోకి ఎక్కింది.) తర్వాత అసలు సంగతి వివరించింది. రిపోర్టుకు ఇరవయ్యొక్క పనిదినాలు పడతాయి. ఆ రిపోర్టు, పరీక్షించిన కాయలకే వర్తిస్తుంది. పరీక్షించాలంటే కాయల్ని రుబ్బాలి.

అంకమ్మ కాసేపు ఆలోచించింది. "అంటే మంచివని తేలిన కాయలు అప్పటికి ఉండవు. ఉన్న కాయలు మంచివని తేలవు. అంతేనా?"

"అంతేనండి," అంది అనుపమ. ఇంత చక్కగా ఆ విధానాన్ని ఆఫీసులో కూడా ఎవరూ ఆమెకు వివరించలేదు.

సరిగ్గా అప్పుడే సంచీలోని ఒక కాయ బెజ్జంలోంచి గులాబీ రంగు పురుగొకటి తల బయటపెట్టి, బల్లంతా ఒకసారి పరికించి, ఫారం మీదికి పాకడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర ఏరినా ఒక పుచ్చు మిగిలిపోయినట్టుంది. అంకమ్మకు సిగ్గేసింది. కొంగుతో తీసేయబోయింది.

"ఉంచండి ఉంచండి," అంది అనుపమ. "ఇదుంటే ఇంకా రిపోర్టెందుకమ్మా? మందు కొట్టిన కాయలో ఇది బతుకుతుందా? ఇదే రిపోర్టు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగక ముందే అనుపమ, ఎలాగూ యంత్రం పనిచేయడం లేదు గదా అని, ఫారంలో 'ఇతర వివరములు' అన్నచోట 'నమూనాలో సజీవమైన పురుగు కనిపించినది' అని రాసింది. ప్రభుత్వ ఫారంలో హాస్యం రాయకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అక్కడ అది హాస్యంగా ఉండిపోదు.

ఆ కేంద్రానికి ఉపసంచాలకులు విజయసారథి గారు. మెత్తటి మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. ఆయన జీవితంలో ఒకటే దిగులు, పెండింగు. ఆ సాయంత్రానికి తేలని నమూనాలు పదకొండు వందల నలభై. వాటిలో టమాటాలు చాలావరకు తమంతట తామే ఫైలు ముగించుకుని డబ్బాల్లోంచి కారిపోతున్నాయి. మర్నాడు పైవాళ్లతో వీడియో సమావేశం. దిగులుగా ఫారాలు తిరగేస్తున్న సార్ చూపు, అనుపమ రాసిన వాక్యం మీద ఆగింది. చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. లేచి నిలబడి మూడోసారి చదివారు.

తెల్లారేసరికి 'సజీవ సూచిక విధానం' సిద్ధమైంది. ఏ బుట్టలో పురుగు బతికి ఉందో ఆ బుట్టలో విషం లేదు. గ్యాసు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, ఇరవయ్యొక్క రోజులు అసలే అక్కర్లేదు. పదకొండు వందల నలభై పెండింగును సార్ ఆ ఒక్కరోజులో సున్నా చేశారు. పురుగున్నవన్నీ నెగ్గాయి, లేనివన్నీ ఓడాయి, కారిపోయినవాటిని గైర్హాజరుగా రాసుకున్నారు. వీడియో సమావేశంలో పైవాళ్లు చప్పట్లు కొట్టారు. (శబ్దం రాలేదు. అటువైపు ఆపి ఉంది. చేతులు మాత్రం కనిపించాయి.)

అంకమ్మకు ఆ వారంలోనే రిపోర్టొచ్చింది. ఆమె తోట మొదటి శ్రేణి. హాస్టలు గేటు దగ్గర వార్డెన్ గారు బుట్టలోంచి ఒక పుచ్చు వంకాయను స్వయంగా తీసి, చీల్చి, లోపల పురుగు కదలడం చూసి, "హమ్మయ్య" అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఇంతటితో ఆగుంటే ఇది కథ అయ్యేది కాదు. విధానం అన్నాక మార్గదర్శకాలు ఉండాలి. మొదటి విడతలో, సూచికగా పెట్టే పురుగు, కలం కొనతో తాకగానే మూడు సెంటీమీటర్లు పాకాలన్నారు. రెండో విడతలో, వయసు నిర్ణయించారు. ముసలి పురుగు గూడు కట్టుకుని, రెక్కలొచ్చి ఎగిరిపోతే, సదరు సూచిక పరారీలో ఉన్నట్టు భావించి రైతు మీద చర్య తీసుకుంటారు. రేపల్లె ఒక జిల్లా, తెనాలి ఇంకో జిల్లా కాబట్టి, రైల్లో పోయే పురుగుకు జిల్లా దాటే అనుమతి కూడా కావాల్సి వచ్చింది. మనుషులకు ఆ అనుమతి అవసరం లేదు. వాళ్ల వల్ల ఏదీ రుజువు కాదు.

తర్వాత ఒక యాప్ వచ్చింది. పురుగు ఫొటో అందులోకి ఎక్కించాలి. అంకమ్మ తన కీప్యాడ్ ఫోనులో అది ఎక్కదని, తెనాలి మార్కెట్లో కొత్తగా తెరిచిన సూచికల కౌంటరుకు వెళ్లింది. అక్కడి పర్యవేక్షకుడు మోషే. అంతకుముందు మార్కెట్టు గేటు దగ్గర సైకిళ్లకు టోకెన్లు ఇచ్చేవాడు. ప్రాణమున్నవాటితో పనిచేయడం ఇదే మొదలు. అతను తన ఫోనులో ఫొటో తీశాడు. 'ముఖము స్పష్టముగా లేదు' అంది యాప్. మళ్లీ తీశాడు. మళ్లీ అదే మాట.

"అటుపక్క నుంచి తియ్యయ్యా," అంది అంకమ్మ.

"అటుపక్కనుంచే తీశా పిన్నీ. ఎటుపక్క తీసినా ఒకేలా ఉంది ఇది."

"ఎటు నడుస్తుందో చూడు. అటుది ముఖం."

ఇద్దరూ వంగి చూశారు. పురుగు కదిలింది. మోషే సంతోషంగా ముందువైపు తీశాడు. 'కళ్లు తెరిచి, మరల ప్రయత్నించండి' అంది యాప్. వరసలో వెనకున్న పదహారు మంది రైతులు కూడా తమ అగ్గిపెట్టెల్లో పురుగుల్ని నిద్ర లేపడం మొదలుపెట్టారు.

తెనాలి వంటిళ్లలో మూడు తరాల విద్య తలకిందులైంది. అత్తగారు కోడలికి నేర్పే మొదటి పాఠం పుచ్చుల్లేని వంకాయ ఏరడం. ఇప్పుడు కోడళ్లు బుట్టలు తిరగేసి పుచ్చులు వెతుకుతున్నారు. "పుచ్చులున్నాయా?" అని అడిగితే, "అన్నీ పుచ్చులేనమ్మా, నా పిల్లల మీద ఒట్టు," అంటున్నాడు కూరలాయన. నున్నటి కాయను చూసి జనం పక్కకు తప్పుకుని పోతున్నారు. మార్కెట్టు వెనక సందులో ఒకడు గోనెసూదితో మంచి కాయలకు బెజ్జాలు పొడుస్తూ పట్టుబడ్డాడు. నకిలీ పుచ్చుల కింద కేసు రాశారు.

ఈ గందరగోళంలో అందరికన్నా దెబ్బతిన్నవాడు హనుమయ్య. అంకమ్మ తోట గట్టుకు అవతల అతనిది నాలుగెకరాల వంగ. సోమవారం మందు కొడితే మంగళవారం కోస్తాడు. మందు కొట్టాక వారం ఆగి కోయాలని డబ్బా మీద రాసే ఉంటుంది. ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, హనుమయ్యకు చత్వారం. అతని తోటలో పురుగు కాదు, పురుగు నీడ కూడా ఉండదు. నిగనిగలాడే కాయలు నాలుగెకరాలు. కొనే నాథుడు లేడు.

ఒక సాయంత్రం గిన్నె పట్టుకుని గట్టు దగ్గరికొచ్చాడు.

"అంకమ్మక్కా, నాలుగు పురుగులుంటే పెడతావా?"

తోడుకు పెరుగు అడిగినంత మామూలుగా అడిగాడు. అడిగినవాళ్లకు లేదనడం అంకమ్మకు తెలీదు. నాలుగు పుచ్చులు కోసి గిన్నెలో వేసింది.

మర్నాడు మళ్లీ వచ్చాడు. "నీ పురుగులు తెనాలి చేరకముందే పోయినై అక్కా. నా కాయ ఒక్క కొరుకు కొరికినై, ఎల్లకిలా పడినై."

"మరి మందు మానెయ్యరాదా తమ్ముడూ?"

"మానితే తోటంతా తినేస్తై గదా! పురుగుండాలి గాని, తినగూడదక్కా."

ప్రభుత్వం కోరుకునేదీ ఇదే కాబట్టి అంకమ్మ వాదించలేదు. రోజూ సాయంత్రం గిన్నె వచ్చేది, పురుగులు వెళ్లేవి, పొద్దున్నకు పోయేవి. నూటికి తొంభై తొమ్మిది పోయేవి. మిగిలిన ఆ ఒక్కటి మాత్రం చావలేదు. హనుమయ్య తోటలోనే స్థిరపడి, పెళ్లి చేసుకుని, సంతానాన్ని కన్నది. ఆ సంతానంలో మళ్లీ నూటికి యాభై బతికాయి. రెండు మూడు నెలలు తిరిగేసరికి హనుమయ్య తోటలో కొత్తజాతి తయారైంది. వేలెడు లావు, నల్లటి మెరుపు. మందు కొడుతుంటే తల పైకెత్తి తడుపుకునేవి. హనుమయ్య గిన్నె తేవడం మానేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే విజయసారథి గారు మూడో విడత మార్గదర్శకాలు విడుదల చేశారు. సూచికలు కౌంటరు దాటగానే చచ్చిపోతున్నాయన్న ఫిర్యాదుల దృష్ట్యా, ప్రతి పురుగూ మార్కెట్టు కౌంటర్లో ఇరవై నాలుగు గంటలు బతికి చూపించాలి. మోషే బల్ల మీద ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పేర్చాడు. మొదటిరోజే చీమలు వచ్చి ఆరు సూచికలను ఎత్తుకుపోయాయి. అవి ప్రభుత్వ రికార్డులు. కాబట్టి బల్ల చుట్టూ దట్టంగా చీమల మందు చల్లించారు.

అంకమ్మ పురుగులు పుట్టి బుద్ధెరిగి ఏ మందూ ఎరగని అమాయకపు జీవాలు. ఆ వాసనకే ముడుచుకుపోయాయి. హనుమయ్య పురుగు డబ్బా అంచు దాటి బల్ల మీదకు దిగి, చీమల మందులో ఈ కొస నుంచి ఆ కొసకు పొర్లి, ఒళ్లు విరుచుకుని, తిరిగి డబ్బాలోకి వెళ్లి పడుకుంది. మోషే లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు.

హనుమయ్యకు మొదటి శ్రేణి వచ్చింది. ఆ పురుగుకు గణతంత్ర దినం నాడు ప్రశంసాపత్రం ఇచ్చారు. అంకమ్మకు తాఖీదు వచ్చింది. అందులో ఇలా ఉంది: 'తమకు చెందిన సూచిక, పర్యవేక్షణలో ఉండగా మరణించినందున, తమ వంకాయలయందు విషావశేషములు కలవని ఎందుకు భావించరాదో ఏడు రోజులలోగా బాపట్ల కార్యాలయమునకు స్వయముగా హాజరై తెలుపవలెను. మృత సూచికను వెంట తేవలెను.'

హాస్టలు సరఫరా హనుమయ్యకు మారింది. ఆ సంగతి చెప్పడానికి వార్డెన్ మాణిక్యాంబ గారికి నోరు రాలేదు. "కాగితం అట్లా ఉంది అంకమ్మా," అని గేటు చువ్వ గోకుతూ నిలబడింది. లోపల భోజనాల గంట కొట్టారు. అంకమ్మ నిండు బుట్టలతో వెనక్కి తిరిగింది. ఆ రోజు రైల్లో ఎవరికీ తమ చొక్కా చూసుకునే పని పడలేదు. తన చేతి కాయ తిని ఎవరికైనా ఏమైనా అయిందా, తను విషం పెట్టిందని పిల్లలెవరైనా అనుకుంటున్నారా అని ఆమెకు రెండు రోజులు అన్నం సయించలేదు.

విచారణ రోజు బాపట్ల ఆఫీసులో హాలు నిండిపోయింది. విజయసారథి గారు మధ్యలో కూర్చున్నారు. ఒకపక్క అంకమ్మ, ఒళ్లో కాయల సంచీ, చేతిలో అగ్గిపెట్టె, అందులో మృత సూచిక. ఇంకోపక్క సాక్షిగా పిలిచిన హనుమయ్య. అతని బుట్ట బల్ల మీద తళతళలాడుతోంది. అనుపమ ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉంది. వారం క్రితమే గ్యాసు సిలిండరు వచ్చింది. (అర్జీ పెట్టింది వేరే జిల్లా వాళ్లు. బండి దారి తప్పింది.) వచ్చిన రోజే ఆమె ఎవరినీ అడక్కుండా తలుపేసుకుని, ఇద్దరి కాయలూ తెప్పించి, యంత్రంలో పెట్టింది.

"సార్, యంత్రం రిపోర్టు ఇదండి. అంకమ్మ గారి కాయల్లో ఏమీ లేదు. హనుమయ్య గారి కాయల్లో తొమ్మిది రకాల మందులున్నాయి. అందులో రెండు అమ్మడమే నిషేధం."

హాలు గొల్లుమంది. విజయసారథి గారు నొచ్చుకున్నారు. ఆయనకు రెండు పక్షాలూ బాధపడటం ఇష్టం లేదు.

"అనుపమ గారూ, ఆ యంత్రం ఎన్నాళ్లుగా మూలపడి ఉంది?"

"ఎనిమిది నెలలండి."

"పురుగు మాత్రం ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. నిరంతరం విధుల్లో ఉన్న సూచిక ఒక మాట, ఎనిమిది నెలలు నిద్రపోయి లేచిన యంత్రం ఒక మాట చెప్తే, మనం ఎవరి మాట వినాలండి? పాపం దానికి ఏదో అయ్యుంటుంది. మరమ్మతుకు పంపించండి."

అంకమ్మ లేచింది. ఆమెకు యంత్రం గొడవ అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు. సంచీలోంచి ఒక వంకాయ తీసి, కొంగుకు తుడిచి, అందరి ముందూ పచ్చిదే కరకర కొరికి తింది. తొడిమ దాకా తిని, తొడిమ బల్ల మీద పెట్టింది.

"విషమైతే నేను పోతాను బాబుగారూ. కూర్చుంటాను, మీరే చూడండి. ఇప్పుడు మా తమ్ముడి కాయ మా తమ్ముణ్ణి తినమనండి."

అందరూ హనుమయ్య వైపు తిరిగారు. హనుమయ్య తన బుట్టలోంచి ఒక కాయ తీశాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. నోటి దాకా తీసుకెళ్లాడు. అక్కడ ఆగిపోయాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఏంటి హనుమయ్య గారూ?" అన్నారు విజయసారథి గారు.

"అంటే... మేం తినమండి ఇవి," అన్నాడు హనుమయ్య, ఎవరి మొహమూ చూడకుండా. "మా ఇంట్లోకి అంకమ్మక్క తోటలోవే కోసుకుపోతామండి. మొదట్నుంచీ అంతే."

ఈసారి అందరికీ అర్థమైందనే అనుకోవాలి. విజయసారథి గారు చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించి, తీర్పు ఇలా రాశారు: 'ఇరుపక్షములవారును అంకమ్మ గారి వంకాయలు తినుటకు ఇష్టపడుచున్నారు. రుచి ఈ కార్యాలయ పరిధిలోనికి రాదు.'

బయట వరండాలో అనుపమ అంకమ్మను ఆపింది. ఆ పిల్ల కళ్లు నిండుగా ఉన్నాయి.

"అంతా నావల్లే అమ్మా. ఆ రోజు ఆ ఒక్క ముక్క రాయకపోయినా బాగుండేది."

"నువ్వేం అబద్ధం రాశావే తల్లీ? పురుగుంది, ఉందని రాశావు." అంకమ్మ ఆ పిల్ల చేతిలో సంచీ పెట్టింది. "మిగిలిన కాయలు తీసుకుపో. నూనెలో మగ్గించుకో. ఉల్లిపాయ వెయ్యబాకు, రుచి చెడిపోద్ది."

ఆ తీర్పు మీద వ్యవస్థ ఊరికే కూర్చోలేదు. ఒక కమిటీ వేశారు. తోటకొక రకంగా పురుగులుండటం వల్లే ఇన్ని వివాదాలని కమిటీ కనిపెట్టింది. కార్యాలయంలోనే ప్రామాణిక పురుగులను పెంచాలని సిఫారసు చేసింది. ప్రామాణికం అంటే ఏ మందూ సోకని స్వచ్ఛమైన పురుగు. జిల్లా అంతా గాలించారు. అటువంటివి ఒక్క అంకమ్మ తోటలోనే దొరికాయి. వాటికోసం బాపట్ల ఆఫీసులో ఏసీ గది కేటాయించారు. యంత్రం ఉండే గదే అది. యంత్రం మరమ్మతుకు పోయింది గనక ఖాళీగా ఉంది. ప్రారంభోత్సవం రోజున పురుగులకు మేతగా మొదటి శ్రేణి వంకాయలు, అంటే హనుమయ్యవి, పళ్లేల్లో పెట్టారు. రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి వెనక్కి తిరిగేలోగా ఒక్క పురుగూ మిగల్లేదు.

కమిటీ మళ్లీ కూర్చుంది. పురుగులు నాసిరకం కాదు, వాటికి మేత పడలేదని తేల్చింది. (ఆ పురుగుల్నే పరీక్షలకు వాడితే సరిపోతుందిగా అని అనుపమ అడిగింది. పరీక్షకు పెడితే చచ్చిపోతున్నాయి కాబట్టి వాటిని పరీక్షలకు వాడరాదని సమాధానం వచ్చింది.) మళ్లీ అంకమ్మ తోట నుంచే కొత్త పురుగుల్ని తెచ్చారు. ఈసారి మేత కూడా ఆమె తోట నుంచే తెప్పించాలని ఉత్తర్వులిచ్చారు. రోజుకు రెండు బుట్టలు, వాన వచ్చినా తుఫాను వచ్చినా.

అలా అంకమ్మ మళ్లీ పొద్దున్నే బుట్టలెత్తింది. ఇప్పుడు తెనాలి రైలు కాదు, బాపట్ల బస్సు. మొదటిరోజు విజయసారథి గారే ఎదురొచ్చి, కుర్చీ వేయించి, టీ తెప్పించారు. అద్దాల గదిలో చల్లటి గాలికి పురుగులు ఆమె వంకాయల్ని తొలుచుకుంటూ హాయిగా ఉన్నాయి. అంకమ్మ అద్దానికి ముక్కు ఆనించి వాటిని చాలాసేపు చూసింది. తర్వాత టీ గ్లాసు పక్కన పెట్టి అడిగింది.

"బాబుగారూ, ఈ కాయలు మంచివనే గదా వీటికి పెడుతున్నారు. మరి ఇయ్యే హాస్టలు పిల్లలకి పెట్టొచ్చు గదండి?"

విజయసారథి గారు ఆ మాటకు నిజంగానే కరిగిపోయారు. ఆమె పక్కన కూర్చుని, నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

"పిల్లలు తట్టుకుంటారమ్మా. పురుగులే, పాపం, తట్టుకోలేవు."